డైరీలో ముందు ఏం రాస్తున్నాం?

ఇది విజయవాడ గాంధీనగర్‌లో మన కార్యకర్తల మీటింగులో నేను మాట్లాడింది. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళు రాసి పెట్టమన్నారు. మాట్లాడినట్టే రాశాను, తడబడిన చోట కొంచెం సరిచేశాను. చదువుతున్న మీరు కూడా ఆ రోజు మా మధ్యన కుర్చీలో కూర్చున్నారనుకోండి.

ముందు నా డైరీ సంగతి చెప్తాను. పోయిన ఏడాది జూలై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా 92 రోజులు. మొన్నొక రాత్రి నిద్ర పట్టక దాన్ని ముందేసుకుని పెన్ను పట్టుకుని లెక్క పెట్టా. సభలకి, సభల ఏర్పాట్లకి, సభ అయ్యాక వచ్చినోళ్ళందరికీ ఫోన్లు చేసి థాంక్స్ చెప్పుకోడానికి పోయినవి 38 రోజులు. ఆఫీసర్లని కలిసి వినతిపత్రం ఇచ్చి ఫోటో దిగినవి 17. ప్రెస్ మీట్లకి, మనలో మనకొచ్చిన తగువులు తీర్చుకునే మీటింగులకి 14. ఇంటి పనులు, జ్వరం కలిపి 12. ఇక కాలనీలకి, చెరువు గట్ల మీదకి వెళ్ళినవి 11. ఆ 11లో 4 రోజులు బయటి నుంచి వచ్చిన అతిథులకి చూపించడానికి వెళ్ళా. అంటే నికరంగా 7.

నన్నెవరైనా "ఏం పని చేస్తావు" అని అడిగితే "యానాదుల కోసం పని చేస్తా" అంటాను. 92 రోజుల్లో 7 రోజులు. నవ్వకండి, మీ డైరీలు కూడా తియ్యమంటాను కాసేపాగి.

అందులో ఆగస్టు 4వ తారీకు పేజీలో, ఒక మూలన, ఒక లైను ఉంది. "చెల్లి ఫోన్. బిడ్డ కాయితం. 9 తర్వాత." అంతే రాసుకున్నా. దాని కిందే పెద్దక్షరాల్లో ఫ్లెక్సీల కొలతలు, ఎవరి ఫోటో పైన ఎవరి ఫోటో కింద, మైకు సెట్టుకి ఎంత, భోజనాలు ఎంతమందికి. అరపేజీ ఉంది ఫ్లెక్సీ గురించి.

ఆ చెల్లి దివిసీమలో ఒక రొయ్యల చెరువు మీద కాపలా ఉంటది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ, వాళ్ళ ఎనిమిదేళ్ళ పాప. ఊరు పేరు, మనుషుల పేర్లు చెప్పను, వాళ్ళిప్పటికీ అక్కడే బతకాలి కదా. ఆ రోజు ఆమె ఫోన్లో అన్నది ఇది: "అన్నా, పాపని బళ్ళో ఎయ్యబోతే పుట్టిన కాయితం తెమ్మన్నారు. ఆధారు కూడా లేదన్నారు. నాకేం తెలుసు అన్నా. రేపొక్క రోజు నాతో రా. యజమానిని అడిగి పొద్దున పూట మాత్రం సెలవు తీసుకున్నా." నేను "అమ్మా, తొమ్మిదో తారీకు మన పండగ ఉంది కదా, అది కానీ, పదో తారీకు వచ్చేస్తా" అన్నా.

తొమ్మిదో తారీకు అంటే ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1982లో అదే రోజున ఐక్యరాజ్యసమితిలో మూలవాసుల హక్కుల మీద ఒక కార్యబృందం మొదటిసారి కూర్చుంది. ఆ గుర్తుగా 1994లో ఆ రోజుని ప్రకటించారు. మన పండగ బాగా జరిగింది. ర్యాలీ, డప్పులు, టీవీ వాళ్ళు. పదో తారీకు అలసిపోయి పడుకున్నా. తర్వాత ఒక ప్రతినిధి బృందం వచ్చింది, వాళ్ళతో తిరిగా. ఆ తర్వాత ఆగస్టు 31, విముక్త జాతుల దినం. 1952లో ఆ రోజున నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయింది కాబట్టి దాన్నీ జరపాలి. మళ్ళీ ఫ్లెక్సీ. నేను దివిసీమ బస్సెక్కేసరికి సెప్టెంబరు 12.

వెళ్తే ఆ గట్టు మీద పాకలో వేరే వాళ్ళున్నారు. చెరువు లీజు మారింది. కొత్తగా ఎక్కడో చెరువు తీసుకున్న ఆయన పాతాయనకి వీళ్ళ అడ్వాన్సు బాకీ కట్టేసి, ఆ కుటుంబాన్ని తీసుకెళ్ళాడు. ఎక్కడికి అంటే "అటు బంటుమిల్లి వైపో, కృత్తివెన్ను వైపో" అన్నారు. ఫోను స్విచ్చాఫ్. అడ్వాన్సు చేతులు మారినప్పుడు మనిషీ చేతులు మారాడు, గేదెని మార్చినట్టు. ఆమె నన్ను పిలిచింది ఆగస్టు 4న. అప్పటికి ఇంకా ఊరి బడికి నడిచి పోయేంత దూరంలోనే ఉన్నారు.

ఇప్పుడు అసలు నన్ను తినేస్తున్న సంగతి చెప్తా. ఆ పాపని బళ్ళో వెయ్యడానికి ఆ కాయితం అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టంలో 14వ సెక్షను ఉంది. వయసు రుజువు లేదన్న కారణం మీద ఏ బిడ్డనీ బడిలో చేర్చుకోకుండా వెనక్కి పంపకూడదు. ఆధారు సంగతి కూడా 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు తేల్చింది, బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదని. ఈ రెండు ముక్కలూ నాకు నోటికొచ్చు. ఎన్ని సభల్లో చెప్పానో. ఆ చెల్లి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ రెండు ముక్కలు ఫోన్లో అయినా చెప్పలేదు. ఎందుకంటే ఆ క్షణంలో నా బుర్రంతా ఫ్లెక్సీ షాపులో ఉంది. "కాయితం" అనగానే "అదొక పెద్ద పని, తర్వాత చూద్దాం" అని పక్కన పడేశా. పది నిమిషాల పని అది.

పది నిమిషాలు అని ఊరికే అనడం లేదు. నవంబరులో వాళ్ళని వెతికి పట్టుకున్నా. కొత్త చెరువుకి రెండు మైళ్ళలో బడి ఉంది. నేనూ, ఆ తల్లీ, పాపా వెళ్ళాం. అక్కడి పెద్దాయనకి ఆ సెక్షను తెలుగులో అచ్చేసిన కాయితం చూపించా. ఆయన చదివి, "సరే, వయసు ఎంతంటారు" అని తల్లిని అడిగి, రిజిస్టర్లో రాసుకున్నాడు. చట్టంలోనే ఉంది, ఎనిమిదేళ్ళ పిల్లని ఎనిమిదేళ్ళ పిల్లల తరగతిలోనే చేర్చాలి, వెనకబడినదాన్ని విడిగా నేర్పించాలి. టీ కూడా ఇచ్చారు మాకు. బయటికొచ్చి ఆ చెల్లి "ఇంతేనా అన్నా" అంది. ఆ మాటకి నేను తలెత్తలేకపోయా.

కథ అక్కడితో అయిపోలేదు. అయిపోతే బాగుండేది, నేను ఇక్కడికొచ్చి గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పాప సంక్రాంతి దాకా బడికి పోయింది. తర్వాత కొత్త పంట వేశారు, పిల్ల గట్టు మీదకి వచ్చేసింది.

చెరువు పని తెలియని వాళ్ళు ఇక్కడ కొందరున్నారు, వాళ్ళ కోసం చెప్తా. రొయ్యల చెరువులో తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోద్ది. అప్పుడు ఏరేటర్లు ఆగితే రొయ్య తేలిపోద్ది, ఒక్క గంటలో లక్షలు పోతాయి. కాబట్టి కరెంటు పోగానే లేచి జనరేటర్ వెయ్యడానికి రాత్రంతా ఒక మనిషి మెలకువగా ఉండాలి. పగలు మేత వెయ్యాలి, అది ఇంకో మనిషి. పైగా నీటికాకులు, కొంగలు దిగకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గట్టు చుట్టూ డబ్బా కొడుతూ తిరగాలి. మొగుడు రాత్రి, పెళ్ళాం పగలు. మరి డబ్బా ఎవరు కొట్టాలి? ఆ మూడో మనిషి పేరు మస్టర్‌లో ఉండదు, జీతంలో ఉండదు. ఎనిమిదేళ్ళుంటాయి.

అది చూసిన వాళ్ళు ఏమంటారో మనకి తెలుసు. "యానాదోళ్ళకి చదువు మీద ధ్యాస లేదండీ. ఏ పూటకి ఆ పూట. రేపటి సంగతి ఆలోచించరు." మంచివాళ్ళు కూడా అంటారు ఈ మాట, జాలిగా అంటారు. నాకు జాలిగా అన్నప్పుడే ఎక్కువ మండుద్ది.

రేపటి సంగతి ఆలోచించని మనిషి పీతలు పట్టగలడా? అమావాస్యకి ఎంత పోటు వస్తుంది, పౌర్ణమికి ఎంత వస్తుంది, పాటు ఏ వేళకి తీస్తుంది, మడ అడవిలో ఏ కాలవలోకి ఎప్పుడు దిగాలి, ఎప్పుడు బయటికి రావాలి, ఇదంతా పదిహేను రోజుల ముందే తలలో ఉండాలి. లేకపోతే మనిషే తిరిగిరాడు. కృష్ణా డెల్టా వరి గట్లలో ఎలుక ఏ బొరియలో ఉందో, ఏది మూసి ఏ కన్నానికి పొగబెట్టాలో చూసి చెప్పగలిగిన మా తాతలు ఆలోచన లేని వాళ్ళా? ఈ డెల్టాలో ఎన్ని పుట్ల ధాన్యం వాళ్ళ బుట్టల వల్ల గాదెకి చేరిందో ఎవరూ లెక్క రాయలేదు, అంతే తేడా.

ఆ తల్లికి ఏది ముందో తెలుసు. అందుకే యజమానిని బతిమాలి ఒక పొద్దు సెలవు తీసుకుంది, అందుకే నాకు ఫోన్ చేసింది. ఆమె వరసలో బిడ్డ చదువు ముందుంది. నా వరసలోనే అది ఫ్లెక్సీ వెనక ఉంది. సంక్రాంతి తర్వాత కూడా ఆమె వరస మారలేదు. రోజులో ఏ గంటకి ఏం చెయ్యాలో చెప్పే హక్కు ఆమె దగ్గర లేదు. దాన్ని అడ్వాన్సు కొనేసింది.

ఇది మనకి కొత్త కాదు. బ్రిటిష్ వాళ్ళు 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. ఎరుకల వాళ్ళని, మన యానాదుల్లో కొన్ని ప్రాంతాల వాళ్ళని ఆ జాబితాలోకి ఎక్కించారు. బాపట్ల పక్కన స్టూవర్టుపురం అలా సాల్వేషన్ ఆర్మీ చేతి కింద పెట్టిన సెటిల్‌మెంటే. ఆ చట్టం కిందకి వచ్చిన మనిషికి హాజరు ఉండేది. ఫలానా వేళకి వచ్చి నేను ఇక్కడే ఉన్నానని చెప్పాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. మనిషిని జైల్లో పెట్టకుండానే అతని గడియారం గుంజుకున్నారు. సముద్రం పోటు వేళా, పంట కోత వేళా, బిడ్డకి జ్వరమొచ్చిన వేళా, ఏదైనా సరే హాజరు వేళ తర్వాతే.

ఆ హాజరుని ఎత్తేయించడానికి యానాదుల మధ్య ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి వెన్నెలకంటి రాఘవయ్య గారు. నెల్లూరు వైపు ఆయన్ని యానాది రాఘవయ్య అనే పిలిచేవాళ్ళు. ఆయన మన కులం కాదు. 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. ఆయన ఫోటోకి మనం దండ వేస్తాం, వెయ్యాల్సిందే. అయితే ఆయన డైరీ ఉంటే దాంట్లో గుడిసెల్లో గడిపిన రోజులు ఎన్ని ఉండేవో అని నాకు మొన్న రాత్రి అనిపించింది. నా ఏడు రోజుల పక్కన పెట్టి చూసుకోవాలనిపించలేదు.

చట్టం పోయింది, హాజరు పోలేదు. అది గట్టు మీదకి మారింది. రాత్రి రెండింటికి యజమాని ఫోన్ చేస్తాడు, "లేచే ఉన్నావా?" అని. ఎత్తకపోతే తెల్లారి బైకు మీద వచ్చేస్తాడు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, లేకపోతే మనం చెప్పేది ఎవరూ నమ్మరు. అడ్వాన్సు తీసుకున్న ప్రతి కూలీ వెట్టి కూలీ అయిపోడు. మంచిగా లెక్క చూసి పంపే రైతులూ ఉన్నారు, ఈ డెల్టాలో చెరువు వేసి తాను మునిగిపోయిన చిన్న రైతులూ ఉన్నారు. కానీ అప్పు తీరేదాకా వదిలి పోవడానికి వీల్లేదన్నా, వేరే చోట పని చేసుకోనివ్వకపోయినా, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి ఆ అప్పు పేరుతో కట్టేసినా, అది వెట్టి. 1976 చట్టం ఆ మాటే చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువకి చేయించుకోవడం బలవంతపు పనే అని 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ 1976 చట్టంలో మనకి తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి, నెమ్మదిగా చెప్తా, రాసుకోండి. వెట్టి అప్పు చట్టం ముందు రద్దయిపోయినట్టే, తీర్చక్కర్లేదు. రద్దయిన అప్పు కింద యజమాని డబ్బు తీసుకుంటే అది నేరం, మూడేళ్ళ దాకా జైలు. 15వ సెక్షను చూడండి. "ఇది వెట్టి అప్పు" అని కూలీ అన్నాక, కాదని రుజువు చెయ్యాల్సిన బాధ్యత అప్పిచ్చినవాడిది. మనవాళ్ళు "మా దగ్గర రుజువేముంది అన్నా, నోటి మాటే కదా" అని భయపడతారే, ఆ భయానికి జవాబు చట్టంలోనే ఉంది. విడుదల సర్టిఫికెట్ వస్తే తక్షణ సాయం 30 వేల దాకా ఉంది. తర్వాత సాయం మగవాళ్ళకి లక్ష, ఆడవాళ్ళకీ పిల్లలకీ 2 లక్షలు. కాకపోతే ఆ పెద్ద మొత్తం కేసు రుజువుతో ముడిపడి ఉంది, కాబట్టి ఆశ పెట్టేటప్పుడు జాగ్రత్త. లేనిపోనివి చెప్పి గట్టు దింపి, ఆ తర్వాత మనం ఫోనెత్తకపోతే వాళ్ళు ఎక్కడికి పోతారు?

ఇంకోటి. ప్రతి జిల్లాకీ, ప్రతి డివిజన్‌కీ వెట్టి మీద విజిలెన్స్ కమిటీ ఉండాలి. జిల్లా కమిటీలో ఎస్సీ, ఎస్టీల నుంచి ముగ్గురిని కలెక్టర్ నామినేట్ చెయ్యాలి, సామాజిక కార్యకర్తలు ఇద్దరు ఉండాలి. కృష్ణా, ఎన్టీఆర్, ఏలూరు, బాపట్ల జిల్లాల్లో ఆ ముగ్గురూ ఎవరో ఇక్కడ ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి అంటే ఆ రోజు ఒక్క చెయ్యీ లేవలేదు, నాది కూడా. మంత్రి గారి పీఏ నంబరు మాత్రం అందరి ఫోన్లలో ఉంది.

కాయితాల సంగతి కూడా ఇదే. మనలో పెద్దవాళ్ళని వయసెంత అని అడిగితే "ఉప్పెనకి నేను ఇంత ఉన్నా" అని మోకాలు చూపిస్తారు. 1977 నవంబరు 19 ఉప్పెన. దివిసీమలో అదే మన జనన ధ్రువీకరణ. వాళ్ళకది సరిపోయింది. ఇప్పుడు పుట్టే బిడ్డకి సరిపోదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన వాళ్ళకి బడికైనా, ఆధారుకైనా, ఓటుకైనా పుట్టిన సర్టిఫికెట్టే ఆధారమని చట్టం మార్చారు. పుట్టిన 21 రోజుల్లో చెప్తే నమోదు ఉచితం. నెల దాటితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు అధికారం ఉన్న ఆఫీసరు ఉత్తర్వు ఇవ్వాలి, అంటే తిరుగుళ్ళు, సాక్షులు, అఫిడవిట్లు. గట్టు మీద పురుడు పోసుకున్న తల్లికి ఆ 21 రోజులు ఎప్పుడు వచ్చాయో ఎప్పుడు పోయాయో ఎలా తెలుస్తుంది? ఆ 21 రోజుల్లో మనలో ఒకరు ఒక్కసారి వెళ్తే అరపూట పని. వెళ్ళకపోతే రెండేళ్ళ పని. మన సంఘంలో ఈ 21 రోజుల లెక్క రాసే పుస్తకం లేదు. ఏ నాయకుడి పుట్టినరోజు ఎప్పుడో రాసిన పుస్తకం మాత్రం ఉంది, పోయిన నెల నేనే చూశా.

మీటింగులో ఒక తమ్ముడు లేచి అడిగాడు. గట్టి ప్రశ్నే, దాటెయ్యను. "అన్నా, ఆదివాసీ అంటే అందరికీ అరకు, పాడేరు గుర్తొస్తాయి. డెల్టాలో కూడా గిరిజనులున్నారా అని ఆఫీసర్లే అడుగుతారు. ర్యాలీ తియ్యకపోతే, ఫ్లెక్సీ కట్టకపోతే మనం ఉన్నామని ఎవడికి తెలుస్తుంది?"

నిజమే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో యానాదులు 5 లక్షలు దాటి ఉన్నారు. అయినా మైదానంలో ఉన్నాం కాబట్టి కనపడం. మనకి షెడ్యూల్డ్ ఏరియా లేదు. 1/70 చట్టం మన భూమికి కాపలా కాయదు, ఎందుకంటే అది ఏజెన్సీకే. మనం ఉండే కాలవ గట్టు, డ్రెయిన్ గట్టు అభ్యంతరకర పోరంబోకు, దానికి పట్టా ఇవ్వరు. ధర్నా చౌక్‌లో కూర్చోకపోతే కొన్ని పనులు జరగవు. ఒకసారి గట్టు మీద గుడిసెలు పీకేస్తామని వస్తే రెండు రోజులు అక్కడ ఎండలో కూర్చుంటేనే ఆగింది, ఆ రెండు రోజులు నా డైరీలో ఉంటే నేను వాటిని సభల ఖాతాలో వెయ్యను. ఆ రోజు గుడిసెలో వాళ్ళే వచ్చి కూర్చున్నారు, వాళ్ళ పనికే కూర్చున్నారు.

కానీ తమ్ముడూ, కొండ మీద వాళ్ళకి చట్టం అడ్డు గోడగా ఉన్న చోట మనకి ఉన్నది ఒక్క కాయితమే. కుల ధ్రువీకరణ, పుట్టిన సర్టిఫికెట్టు, ఆధారు, రేషన్ కార్డు, బళ్ళో పేరు, విడుదల సర్టిఫికెట్టు. మనం ఉన్నామని చెప్పేవి అవి. పోయిన ఆగస్టు 9న మనం తీసిన ర్యాలీ ఫోటోలో ముందు వరసలో ఎవరున్నారో మళ్ళీ చూడు. ఉద్యోగాలు వచ్చిన మనమే ఉన్నాం. చెరువు మీద ఉన్న ఒక్క కుటుంబం లేదు. వాళ్ళకి సెలవు దొరకలేదు. సెలవు దొరకని వాళ్ళ పేరు మీద మనం పండగ చేసుకున్నాం.

ఇంకా మాట్లాడితే గొడవలయ్యేలా ఉందని అక్కడ ఆపా. కానీ గొడవ అయింది, గంటన్నర. ఒక పెద్దాయన "ఫ్లెక్సీ మీద ఫోటో లేకపోతే రేపు నన్ను ఆఫీసులోకి రానివ్వరయ్యా" అన్నారు. అది అబద్ధం కాదు, ఆయన్ని తప్పు పట్టలేం. ఫ్లెక్సీ పూర్తిగా మానెయ్యాలని తీర్మానం కాలేదు. ఒక్కటే రాసుకున్నాం: గట్టు మీద నుంచి, కాలనీ నుంచి పిలుపు వస్తే, ఆ రోజు సభ ఉన్నా సరే, ఇద్దరిలో ఒకరు కదలాలి. ఎవరు కదలాలో ఫోనెత్తిన నిమిషంలోనే తేలాలి. "తర్వాత" అని డైరీలో రాసుకోకూడదు.

ఈ ఆగస్టు 9న విజయవాడలో స్టేజీ లేదు. ఇద్దరేసి చొప్పున జట్లు. నాగాయలంక, కోడూరు, బంటుమిల్లి, కృత్తివెన్ను, ముదినేపల్లి, కైకలూరు, కలిదిండి, ఇటు రేపల్లె వైపు. ఎవరు ఎటు అన్నది పేజీ కింద అడగండి, చెప్తాం. వచ్చే వాళ్ళకి కొన్ని మాటలు. పట్టుబడి ఉన్న రోజు చెరువు మీదకి వెళ్ళొద్దు, ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు, యజమాని కూడా అక్కడే ఉంటాడు. మధ్యాహ్నం మేత వేశాక రెండు గంటలు దొరుకుతాయి. యజమాని ఎదురైతే కయ్యం పెట్టుకోకండి, మీరు తిరిగొచ్చేస్తారు, వాళ్ళు అక్కడే ఉండాలి. ముందుగా బిడ్డల వయసులు అడగండి, ఏడాది లోపు వాళ్ళని వేరే రాసుకోండి. ఆధారు దిద్దించేటప్పుడు పెద్దవాళ్ళకి వేలిముద్ర పడకపోవచ్చు, ఏళ్ళ తరబడి బురదలో, ఉప్పునీళ్ళలో ఉన్న చేతులవి. అలాంటప్పుడు కంటిపాప తియ్యమని మీరు అడగాలి, వాళ్ళకి అడగడం తెలియదు. అయిదేళ్ళు నిండిన పిల్లలకీ, పదిహేను నిండిన పిల్లలకీ వేలిముద్రలు ఇవ్వాలి, అది మర్చిపోతే తర్వాత ఇబ్బంది. 14వ సెక్షను తెలుగు కాయితం నాలుగు జిరాక్సులు జేబులో ఉంచుకోండి. తినడానికి ఏదైనా మీరే పట్టుకెళ్ళండి, వాళ్ళ ఇంట్లో ఉన్నది మీకు పెట్టేసి వాళ్ళు పస్తుంటారు, నాకు తెలుసు.

అప్పు గురించి మొదటి రోజే అడగొద్దు. రెండోసారో మూడోసారో వెళ్ళినప్పుడు వాళ్ళే చెప్తారు. ఆ చెల్లి నాకు నాలుగోసారి చెప్పింది. ఎప్పుడో పెద్దపిల్ల పురిటికి, ఆస్పత్రికని తీసుకున్నది. ఎంత తీసుకున్నారో గుర్తుంది, ఎంత తీరిందో ఎవరూ చెప్పలేదు. జనవరి ఆఖర్లో ఆమె, ఆమె భర్త వేలిముద్రలు వేసి అర్జీ ఇచ్చారు. విచారణ రెండుసార్లు వాయిదా పడింది. పాప ఇంకా డబ్బా కొడుతోంది. వచ్చే మంగళవారం పదిన్నరకి మళ్ళీ పిలిచారు. నేను ముందు రోజు రాత్రికే వెళ్ళి వాళ్ళ గట్టు మీద పడుకుంటా, పొద్దున్నే వాళ్ళు బయల్దేరితే ఆ పూట మేత వెయ్యడానికి ఒక మనిషి కావాలి. ఎవరైనా వస్తామంటే ఫోన్ చెయ్యండి. మంగళవారం నాకు ఏ మీటింగూ పెట్టొద్దు.